పొడి దుక్కిల పత్తి గింజ: దేవుడి మీద భరోసానా, దేవుడికి పరీక్షనా?

చలక రైతు (మర్రిగూడ)
మృగశిర వచ్చి పదిరోజులాయె. మబ్బు పడుతున్నది, తేలిపోతున్నది. మా దిక్కు సగం మంది "దేవుడే చూసుకుంటడు" అని పొడి దుక్కిలనే పత్తి పెడుతున్నరు. ఆగినోళ్లకు నమ్మకం లేదని మాట పడుతున్నది. నిజంగ భరోసా ఉన్నోడు ఏం చెయ్యాలె? భక్తి తెలిసినోళ్లు, ఎవుసం తెలిసినోళ్లు చెప్పున్రి.

నల్లరేగడి (కల్వకుర్తి)
వాన పడ్డంక పెట్టడానికి నమ్మకమెందుకన్నా? పడకముందు మట్టిల వెయ్యడమే నమ్మకం. పొడిల పెట్టేటోడు తెలివి తక్కువోడు కాదు. తొలి పదునుకు, అంటే విత్తనానికి సరిపడ తడి దిగినంక, ఊరంత ఒక్కనాడే కూలోళ్ల కోసం, ట్రాక్టర్ కోసం తిరుగుతది. పదును రెండు మూడు రోజులే ఉంటది. పదెకరాలున్నోడు ఆ లోపల సగం గూడ పెట్టలేడు. ముందే పెట్టుకున్నోనికి ఆ రంది లేదు.

విత్తన లెక్క (నాంపల్లి)
తమ్మీ, నీ పేరులనే జవాబున్నది. నీది రేగడి. రేగడిల చిన్న చినుకు పైపైననే ఆగుతది, గింజ దాకా దిగదు. పెద్ద వాన పడేదాక గింజ అట్లనే నిద్రపోతది. మొలిచినంక ఆ నేల తడిని పట్టుకొని ఉంటది. అక్కడ పొడి విత్తు నడుస్తది.

అడిగినాయనది ఎర్ర చలక. 15, 20 మిల్లీమీటర్ల జల్లు పడ్డా రెండు మూడు అంగుళాలు తడుస్తది, గింజ ఉబ్బుతది, వేరు పెడతది. తర్వాత వారం ఎండ కొడితే కింద తడి లేక వేరు ఆడనే మాడుతది. దానికి తోడు దంచి కొట్టిన వాన మీద ఎండ పడితే పైమట్టి పెచ్చు కడతది. గీరి చూస్తే తెల్లగ వంకర తిరిగిన మొలక కనిపిస్తది, పైకి రాలేక లోపలనే చచ్చి ఉంటది. చీమలు, నెమళ్లు, అడవి పందులు తినేది వేరే లెక్క.

అందుకే 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డంకనే పత్తి పెట్టుమంటరు. కొలవడానికి మిషన్ అక్కర్లేదు. నిలువు గోడలున్న డబ్బా చెట్టు నీడ లేని తావుల పెట్టి, ప్రతి వానకు నీళ్లను స్కేలుతోని కొలిచి రాసి పారబొయ్యాలె. ఒక సెంటీమీటరంటే 10 మిల్లీమీటర్లు. అది గూడ లేకుంటే జానెడు లోతు తవ్వి ఆ అడుగు మట్టి పిడికిట్ల పిసకాలె. ఉండ కట్టాలె, చేతికి బురద అంటొద్దు. పొడిపొడిగ రాలితే ఆగాలె.

పైసలు చూడున్రి. 2025లో 475 గ్రాముల బీజీ-2 పత్తి విత్తనాల ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు. ఎకరానికి రెండు, అంటే 1802. ఐదెకరాలు మళ్లీ పెడితే ఉత్త విత్తనమే 9010. నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తే ఆరు నెలలకు ఇంకో 1622. ఇదంత దేవుడు అడిగిన ఖర్చు కాదు.

వాక్య సేవకుడు (దేవరకొండ)
చివరి మాటతో ఏకీభవిస్తాను. సువార్తలో ఒక సంగతి ఉంది. యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, "దూకు, దూతలు ఎత్తి పట్టుకుంటారు" అని అపవాది, అంటే సాతాను, కీర్తనలోని వాగ్దానాన్నే చూపించాడు. ఆయన దూకలేదు, దేవుణ్ణి శోధించకూడదన్నాడు. వాగ్దానం నిజమే, దూకడం తప్పు.

ఆకాశపక్షులు విత్తవు, కొట్లలో కూర్చుకోవు, అయినా దేవుడు వాటిని పోషిస్తాడన్న యేసు మాట చెప్పి దాచుకోవడమే అవిశ్వాసం అనేవారున్నారు. యోసేపు ఐగుప్తులో ఏడు మంచి పంటల్లో ఐదో వంతు కొట్లలో పోయించాడు, కరువు ఏడేళ్లూ దేశం దానితోనే బతికింది. కరువు వస్తుందని చెప్పింది దేవుడే, గాదె కట్టింది మనిషి. ఎడారిలో మన్నా అనే ఆహారం ఆకాశం నుంచే పడింది గాని, పొద్దున్నే లేచి ఏరుకోవాల్సింది ప్రజలే.

మగ్రిబ్ (అచ్చంపేట)
మా దగ్గరా అంతే పాస్టర్ సాబ్. ఒంటెను వదిలేసి అల్లా మీద భారం వేయాలా అని ఒకాయన అడిగితే, "కట్టెయ్యి, తర్వాత భారం వెయ్యి" అని ప్రవక్త చెప్పినట్టు తిర్మిజీ అనే హదీసుల (ప్రవక్త మాటల) గ్రంథంలో ఉంది. వాన కోసం ప్రత్యేక నమాజు కూడా ఉంది, ఇస్తిస్ఖా అంటారు. వాన అడగాల్సింది ఆయన్ని. విత్తనాన్ని కాపాడాల్సింది మనం.

నల్లరేగడి (కల్వకుర్తి)
సరే, చలక సంగతి ఒప్పుకుంటున్న. కూలోళ్ల బాధకు మాత్రం ఎవలూ జవాబు చెప్పలే. కప్పతల్లి ఆడినా, విరాటపర్వం చదివించినా వాన ఒక్కనాడే ఊరంతటికి వస్తది.

ఇంటి పద్దు (మునుగోడు)
దానికి మార్గం బదులు కూలి తమ్మీ. నాలుగైదు ఇండ్లోళ్లు కలిసి ఇయ్యాల ఒకరి చేను, రేపు ఇంకొకరి చేను. ఎవలది ముందన్నది వానకు ముందే అనుకోవాలె, లేకుంటే ఆ పొద్దు కొట్లాటనే. ముందుగాల చలకలు, ఎనుక రేగళ్లు. చలక తొందరగ ఆరుతది.

ఇంకోటి. వాన కోసం అప్పు తెచ్చి పోచమ్మకు యాట కొయ్యకున్రి. మొక్కు అంటేనే పంట ఇంటికొచ్చినంక తీర్చేది. పసుపు గుడ్డల రూపాయి బిళ్ల ముడుపు కట్టి దేవుని గూట్లె పెడితే అమ్మకు మాట ఇచ్చినట్టే. విత్తనం పైసలు ముట్టుకోవద్దు. తక్కువైతే ముందు సంఘంల అడగాలె, మిత్తిల వ్యాపారి దగ్గరికి కడాఖరికి పోవాలె.

విత్తన లెక్క (నాంపల్లి)
అక్క చెప్పిన వరుస మంచిగున్నది. చలక రైతన్నా, పత్తికి జూలై 20 దాక టైమున్నది, అంటే పునర్వసు కార్తె అంత నీదే. అప్పటికీ పదును రాకుంటే పత్తి ఇడిచిపెట్టి ఆముదమో కందో పెట్టు. అదీ తప్పితే ఆగస్టుల ఉలవ. ఇయ్యాలైతే ప్యాకెట్లు చింపకు, నీడకు చల్లగున్న తావుల పెట్టి బిల్లు జాగ్రత్త చెయ్యి. మొలక రాకుంటే అడగడానికి ఆ బిల్లే ఆధారం.

చలక రైతు (మర్రిగూడ)
డబ్బా పెట్టిన అన్నా. నిన్నటి జల్లు 8 మిల్లీమీటర్లు. ఆగుతున్న.