రోజూ తిరిగే కారుకు ఆటోక్రాస్ స్ప్రింగులు: ముందు 4 కిలోలా, 6 కిలోలా?

హన్మకొండ_హ్యాచ్:
పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసున్న కడ్డీ), వెనక టోర్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలను కలిపే, మెలిపడే దూలం). వారంలో ఆరు రోజులు హన్మకొండ, కాజీపేట, నర్సంపేట తిరుగుడే. నెలకో రెండు నెలలకో ఒకసారి ఆటోక్రాస్, అంటే కోన్ల మధ్య బండి తిప్పి టైమ్ కొట్టుడు. కాయిలోవర్ కిట్ (ఎత్తు మార్చుకునే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ జత) తీసుకుంటున్న. రెండు జతలు దొరుకుతున్నయి: ముందు 4, వెనక 4, లేకుంటే ముందు 6, వెనక 5 (మిల్లీమీటరుకు కిలోలు). మోషన్ రేషియో (చక్రం ఒక మి.మీ. లేస్తే స్ప్రింగు ఎంత నొక్కుకుంటదో) కొలిచిన, ముందు 0.95, వెనక 0.8. ధర్మకాంట మీద నాతో కలిపి 1030 కిలోలు, ముందు చక్రాలు మాత్రమే ఎక్కిస్తే 60 శాతం. ఏది తీసుకోవాలె?

కాజీపేట_కాయిల్:
ఆలోచించకు తమ్మీ, 6/5. స్ట్రట్ బండి ఒరిగితే బయటి టైరుకు క్యాంబర్ (నిలువు నుంచి టైరు వంపు) నిలవదు, భుజం మీద రాకుతది. అందుకే స్ట్రట్ బండికి ఒరుగుడు ఆపుడే అన్నిటికన్న ముఖ్యం. బయటి ముందు చక్రం మీద అదనంగా 1500 న్యూటన్లు పడ్డయి అనుకో. యాంటీ రోల్ బార్ (ఒరుగుడు తగ్గించే కడ్డీ) లెక్కలోకి తీసుకోకుంటే 4 కిలోల స్ప్రింగు మీద చక్రం 42 మి.మీ. లోపలికి పోతది, 6 మీద 28. కోన్ల మధ్య ఎడమ కుడి గబగబా తిప్పేటప్పుడు ఆ 14 మి.మీ. తేడా చేతికి తెలుస్తది.

లెక్కల_సారు:
కిలోలు పోల్చి లాభం లేదు, హెర్ట్జ్ (స్ప్రింగు మీద బండి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో, అంటే ఫ్రీక్వెన్సీ) పోల్చండి. స్ప్రింగు రేటును మోషన్ రేషియో వర్గంతో గుణిస్తే చక్రం దగ్గరి రేటు వస్తుంది. ఈ బండిలో ఒక్కో ముందు మూల మీద 309 కిలోలు. అందులో చక్రం, బ్రేకు, నకిల్ (చక్రాన్ని పట్టి ఉంచే ముక్క) కలిపి 35 తీసేస్తే 274. వెనక మూలకు 206, అందులో 30 పోతే 176.

4/4: ముందు 1.81, వెనక 1.90 హెర్ట్జ్.
6/5: ముందు 2.22, వెనక 2.13.

మామూలు కార్లు 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి. 2 దాటితే రోజువారీ వాడకానికి కష్టమే. అసలు లోపం ఇంకోటి ఉంది. 6/5లో వెనక కంటే ముందే గట్టి. గతుకు మొదట ముందు చక్రాలకు తగులుతుంది, కాసేపటికి వెనక వాటికి. వెనక ఫ్రీక్వెన్సీ కొద్దిగా ఎక్కువ ఉంటేనే రెండూ దగ్గరదగ్గరగా సర్దుకుంటాయి, లేకపోతే బండి ముందుకు వెనక్కు ఊగుతుంది. పైగా ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో ముందే గట్టిపడితే మలుపులో ముక్కు బయటికి పోవడం పెరుగుతుంది.

కాజీపేట_కాయిల్:
గట్లయితే 6/6 వేస్తం సారూ, వెనక 2.33 వస్తది.

లెక్కల_సారు:
వస్తుంది. వెనక సీట్లో అమ్మానాన్నలను కూర్చోబెట్టి నర్సంపేట దాకా తీసుకుపోయే పని కూడా ఈ బండిదే కదా.

చెల్క_డ్రైవర్:
అన్నా, అసలు ప్రశ్న ఎవరూ అడుగతలేరు. ట్రాక్ తారుదా, మట్టిదా? మన దేశంలో ఆటోక్రాస్ అంటే చాలాసార్లు మట్టి ట్రాకే. ఎండిన చెల్క నేల మీద పట్టు తక్కువ, బరువు అంతగా మారదు, ఒరుగుడూ తక్కువే. అక్కడ కావల్సింది ట్రావెల్, అంటే చక్రం పైకి కిందికి కదిలే దూరం. 6 కిలోలు వేస్తే చక్రం గుంటల మీద నుంచి ఎగిరిపోతది, నేలను పట్టదు. మట్టి అయితే 4 కూడా ఎక్కువే, ఎత్తు అసలే తగ్గించొద్దు.

హన్మకొండ_హ్యాచ్:
తారే అన్నా, ఖాళీ పార్కింగ్ స్థలం.
ఇంకోటి, స్టాక్ స్ప్రింగు ఒక చుట్టు కోయిస్తే సరిపోతదని షెడ్డుల అంటున్నరు.

లెక్కల_సారు:
వద్దు. పనిచేసే చుట్లు ఐదున్నర ఉంటే, ఒకటి కోస్తే నాలుగున్నర. రేటు 22 శాతం పెరుగుతుంది. కానీ ఎత్తు అంతకంటే ఎక్కువగా పడిపోయి బంప్ స్టాప్ (చక్రం ఇంకా పైకి లేవకుండా ఆపే రబ్బరు) మీద కూర్చుంటుంది. చివర సన్నగా ముడుచుకున్న స్ప్రింగయితే కోసిన అంచు సీటులో కుదరదు, జాకీ ఎత్తితే జారుతుంది. గ్యాస్‌తో కోస్తే ఆ వేడికి తీగ టెంపర్ పోతుంది. చుట్ల మధ్య పెట్టే రబ్బరు బఫర్లు కూడా అంతే. ఆ రెండు చుట్లు పనిచేయవు, బరువంతా మిగతా వాటి మీద పడుతుంది.

కాజీపేట_కాయిల్:
కోసుడు వద్దు, ఒప్పుకుంట. కానీ 4 కిలోలు వేసి 40 మి.మీ. కిందికి దించేటోళ్లను ఏమనాలె? బంప్ స్టాప్‌కు 25 మి.మీ. మిగులుతది, మలుపులో 42 కావాలె. స్టాప్ తగిలిన క్షణం రేటు ఒక్కసారి పెరిగి ముందు పట్టు ఊడుతది. దించిన స్ట్రట్ బండికి రోల్ సెంటర్ (బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతదో అది) కూడా బరువు కేంద్రం కంటే ఎక్కువ పడిపోతది. దించినంక ఇంకా ఎక్కువ ఒరిగే బండ్లు ఉన్నయి. కిందికే కావాలంటే 6 తప్పదు.

లెక్కల_సారు:
ఇది నిజం. 4 తీసుకుంటే 15 మి.మీ. కంటే ఎక్కువ దించకూడదు. స్ప్రింగు లేకుండా స్ట్రట్ బిగించి, చక్రాన్ని జాకీతో స్టాప్ తగిలే దాకా ఎత్తి ట్రావెల్ కొలవండి. తర్వాత రాడ్డుకు కేబుల్ టై కట్టండి. ఒక్కో రన్ తర్వాత అది ఎక్కడ ఆగిందో చూస్తే స్టాప్ తగిలిందో లేదో ఊహించాల్సిన పని ఉండదు.

కిందికి వేలాడే ట్రావెల్ కూడా చూడండి. బండి నిలబడ్డప్పుడు 4 కిలోల ముందు స్ప్రింగు 72 మి.మీ. నొక్కుకుంటుంది, 6ది 48. స్ట్రట్ అంతకంటే ఎక్కువ సాగితే స్ప్రింగు వదులై, చక్రం మళ్లీ నేలకు తగిలేటప్పుడు టక్కుమంటుంది. అప్పుడు హెల్పర్ స్ప్రింగు (అసలు స్ప్రింగు వదులు కాకుండా పట్టి ఉంచే చిన్న మెత్తని స్ప్రింగు) పెట్టాలి. యాసంగి వడ్లు రోడ్డు మీద ఆరబోసిన రోజుల్లో తారు అంచు దిగి ఎక్కుతూ పోవాలి కదా, అక్కడ పనికొచ్చేది ఈ ట్రావెలే.

చెల్క_డ్రైవర్:
గల్లీ స్పీడ్ బ్రేకర్ల బాధ స్ప్రింగు మీద వేస్తున్నరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పింది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు. మన కాలనీలల్ల ఉన్నవి మూరెడు వెడల్పు. అంత నిటారు దెబ్బకు వీపు విరిగేది డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) కంప్రెషన్ వాల్వింగుతోని, అంటే అది నొక్కుకునేటప్పుడు లోపలి నూనెను అడ్డుకునే కవాటాలతోని.

లెక్కల_సారు:
అందుకే కిట్‌లో ముందు డ్యాంపర్ గురించి అడగాలి. స్టాక్ స్ప్రింగు సుమారు 2 కిలోలైతే, 4కు డ్యాంపింగ్ 1.41 రెట్లు, 6కు 1.73 రెట్లు కావాలి. ఒక్క నాబ్ ఉన్న కిట్లలో అది ఎక్కువగా రీబౌండ్‌నే (నొక్కుకున్న డ్యాంపర్ తిరిగి సాగేటప్పటి అడ్డును) మారుస్తుంది. 6 స్ప్రింగు ఎగురుడు ఆపాలని నాబ్ పూర్తిగా బిగిస్తే, వరుస గతుకుల మీద చక్రం కిందికి రాకముందే తర్వాతి గతుకు వస్తుంది. బండి మెల్లగా కిందికి కుంగుతూ పోతుంది.

కాజీపేట_కాయిల్:
మంచి వాల్వింగున్న కిట్ అయితే ఆ బాధ ఉండదు. 6/6 మాటే నాది.

హన్మకొండ_హ్యాచ్:
4/4 తీసుకుంటున్న, ఎత్తు 15 తక్కువ. ముందు క్యాంబర్ మైనస్ 1.5, టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండుడు) సున్నా. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు బండి చక్రాల మీద నిలబడ్డంకనే బిగిస్త. ముక్కు ఇంకా బయటికి పోతే వెనక బీమ్‌కు యాంటీ రోల్ బార్ వేస్త, స్ప్రింగులు మార్చ.

కాజీపేట_కాయిల్:
ఆ బార్ వేసినంక మలుపులో లోపలి వెనక చక్రం లేస్తది, భయపడకు. కానీ వానల నర్సంపేట రోడ్డు మీద మలుపు మధ్యల యాక్సిలరేటర్ ఒక్కసారి వదలకు, వెనక తిరుగుతది. కేబుల్ టై ఫొటో పెట్టు.