సుఫ్యాన్ స్టీవెన్స్ ‘ఇల్లినాయ్’: వాయిద్యాలు తీసేస్తే పాట మిగులుతుందా?

కోటిపల్లి రేవు:
సుఫ్యాన్ స్టీవెన్స్ తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని పాడే అమెరికన్ గాయకుడు. అతని పేరు బయటి ప్రపంచానికి తెలిసింది 2005లో వచ్చిన ‘ఇల్లినాయ్’ ఆల్బమ్‌తోనే. 22 ట్రాకులు, దాదాపు 74 నిమిషాలు, అంతా అమెరికాలోని ఆ పేరున్న ఒకే రాష్ట్రం మీద. వయొలిన్లు, ట్రంపెట్, ఓబో (సన్నాయిలా ఊదేది), బాంజో (గిటార్ లాంటి తీగల వాయిద్యం), కోరస్, ఏది కావాలంటే అది ఉంది. దీని పేరెత్తగానే అందరూ అరేంజ్‌మెంట్ గురించే, అంటే పాట చుట్టూ వాయిద్యాలు పేర్చిన తీరు గురించే మాట్లాడతారు. నా అనుమానం కూడా అక్కడే. ఆ హంగు వల్లే ఆల్బమ్ ఆడింది, పాటలు అంత గట్టివి కావు. గొంతు చూడండి, గుసగుస కంటే కాస్త ఎక్కువ. ‘షికాగో’ పాటలో ఉన్నదేమిటి? స్నేహితుడితో వ్యాన్‌లో వెళ్ళాను, చాలా తప్పులు చేశాను. వెనకాల కోరస్ లేకపోతే ఆరు నిమిషాలు ఎవరు వింటారు?

పాలకొల్లు కీబోర్డు:
రేవు గారూ, దీనికి జవాబు ఆయనే రికార్డు చేసి పెట్టాడండి. ఇందులో పట్టక మిగిలిపోయిన పాటలతో 2006లో ‘ది అవలాంచ్’ వేశాడు. అందులో ‘షికాగో’ ఇంకో మూడు రకాలుగా ఉంది, ఒకటి అకూస్టిక్, అంటే కరెంటు వాయిద్యాల హోరు లేనిది. హంగు లేకుండా విన్నా పాట ఎక్కడా కూలిపోలేదు.

కోటిపల్లి రేవు:
విన్నానండి. బాగానే ఉంది. కానీ ఊరికే ‘బాగానే ఉన్న’ పాట కోసం ఇన్నేళ్ళ తర్వాత మనం ఇలా కొట్టుకోం కదా.

పాలకొల్లు కీబోర్డు:
అయితే పని చేసేవాడిగా చెప్తాను వినండి. తీర్థాలకీ పెళ్ళిళ్ళకీ మా ఆర్కెస్ట్రా వెళ్తుంది. పాడేవాడి శ్రుతి జారిందనుకోండి, నేను కీబోర్డులో స్ట్రింగ్స్ ప్యాచ్ (వయొలిన్ల గుంపు శబ్దం) పెట్టి రెండు చేతులతో కార్డ్, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి, నొక్కి పట్టుకుంటాను. ఖాళీలన్నీ నిండిపోతాయి, జనానికి తేడా తెలీదు. మీరనే హంగు అదీ.

‘ఇల్లినాయ్’లో జరిగేది వేరు. ఫ్లూటు చిన్న ముక్క ఒకటి పట్టుకుని తిప్పుతూ ఉంటుంది. దాని మీద ఇంకో వాయిద్యం ఇంకో ముక్కతో వేరే చోట ఎత్తుకుంటుంది. అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైక్ రచనల్లో వినిపించే పద్ధతి ఇది. గొంతు మీద దుప్పటి కప్పకుండా, దానికి చోటు వదిలి చుట్టూ తిరుగుతాయి. మూడో ట్రాక్ ‘కమాన్! ఫీల్ ది ఇల్లినాయిజ్’ తీసుకోండి. మొదటి భాగం అయిదు దెబ్బల లెక్క, ఖండచాపు అలవాటైన వాళ్ళకి చెయ్యి దానంతటదే పడుతుంది. రెండో భాగంలో లెక్క నాలుగుకి మారిపోతుంది, అక్కడే కార్ల్ శాండ్‌బర్గ్ అనే కవి కలలోకొస్తాడు. కథ మారిన చోట తాళం మారింది. మాటలు ఒకడు, వాయిద్యం ఇంకొకడు రాస్తే ఇలా కుదరడం కష్టం.

పైగా అది పెద్ద స్టూడియోలో యాభై మందిని కూర్చోబెట్టి చేసిందీ కాదు. స్ట్రింగ్ క్వార్టెట్ (నలుగురు వయొలిన్ జాతి వాయిద్యాల వాళ్ళు), ట్రంపెట్, డ్రమ్స్, కోరస్ లాంటి వాటికి కొందరొచ్చారు. మిగతా వాయిద్యాల్లో చాలా భాగం తనే వాయించి, న్యూయార్క్‌లో తనే రికార్డు చేసుకున్నాడు. ఓబో చదువుకునే రోజుల్లో నేర్చిందే. ఒంటరి మనిషి కూర్చుని కట్టిన సందడి అది. నాకైతే అందులోనే కొంచెం దిగులు వినిపిస్తుంది. ఇది మాత్రం నిరూపించలేనండి.

నరసాపురం ఆల్టో:
మా సంఘంలో రొట్టె విరిచే ఆరాధనకి వాయిద్యాలు వాడరు, కాబట్టి ఒట్టి గొంతు విలువ నాకు తెలుసు. ఈ ఆల్బమ్‌లో నన్ను వదలని పాట ‘కాసిమిర్ పులాస్కీ డే’. అది ఇల్లినాయ్‌లో మార్చి మొదటి సోమవారం వచ్చే సెలవు. స్నేహితురాలికి ఎముకల క్యాన్సర్. అందరూ కలిసి ప్రార్థన చేస్తారు, ఏమీ జరగదు, ఆ సెలవు రోజు పొద్దున్నే అమ్మాయి పోతుంది. గిటార్, బాంజో, ట్రంపెట్, అంతే. ఆ ట్రంపెట్ కూడా ఏడవదు, తన దారిన తను పాడుకుంటుంది.

ఇంకోటి ‘జాన్ వేన్ గేసీ’. షికాగో దగ్గర 33 మందిని చంపినవాడు, పిల్లల పార్టీలకి జోకర్ వేషం వేసినవాడు. పియానో, గిటార్, గొంతు. చివర్లో పాడేవాడు తనకీ వాడికీ తేడా ఏముందంటాడు. కీబోర్డు గారు చెప్పిన మూడో ట్రాక్ హోరు అయిన వెంటనే ఇది వస్తుంది. వరస మార్చి విని చూశాను, అంత భయం వెయ్యలేదు.

కోటిపల్లి రేవు:
అమ్మా, మీరు నా పక్షమే. మీకు గుర్తున్న రెండూ హంగు లేనివే! తల్లి పోయాక చేసిన ‘క్యారీ అండ్ లోవెల్’ 2015లో వచ్చింది, చాలావరకు ఒక గొంతు, వేళ్ళతో మీటే తీగలు. అతని అసలు పని అది. ఇంగ్లండ్ గాయకుడు నిక్ డ్రేక్‌ని చూడండి. 1971లో ‘బ్రైటర్ లేటర్’కి వాయిద్యాలన్నీ పెట్టారు. 1972లో ‘పింక్ మూన్’కి గిటార్ ఒక్కటే, ఒక పాటలో మాత్రం కాస్త పియానో. ఇప్పుడు ఎక్కువ మంది తలుచుకునేది రెండోదాన్నే.

గన్నవరం లంక:
నిక్ డ్రేక్ గురించి సగమే చెప్పారు. 1969లో మొదటి ఆల్బమ్‌లో ‘రివర్ మ్యాన్’ ఉంది. అదీ అయిదు దెబ్బలే. హ్యారీ రాబిన్సన్ రాసిన ఆ వయొలిన్లు తీసేసి వినమనండి చూద్దాం.

రాజోలు వాడు:
నాకు వాయిద్యాల కంటే ఆ రాష్ట్రాల కథ మీద మంట. 50 రాష్ట్రాలకి 50 ఆల్బమ్‌లన్నాడు. 2003లో ‘మిషిగన్’, తర్వాత ఇది, ఇక లేదు. అదంతా ప్రచారం కోసం అన్న మాటేనని తర్వాత తనే చెప్పాడు. ఆయ్, ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా.

పాలకొల్లు కీబోర్డు:
ప్రచారమైతే ఏంటి రాజోలు అన్నా, ఊళ్ళు మాత్రం నిజంగా తవ్వాడు. ఇల్లినాయ్‌లోని హైలాండ్ అనే ఊరి దగ్గర 2000 జనవరిలో ఆకాశంలో ఏదో ఎగిరిందని పోలీసులే చెప్పిన సంగతి మొదటి పాటైంది. మన కోనసీమ మీద ఇంగ్లీషులోనో తెలుగులోనో ఒక పాట చెయ్యమంటే ఏమొస్తుంది? కొబ్బరిచెట్లు, పడవ, డ్రోన్ షాట్లు. 1996 నవంబరు తుఫాను మీద ఒక్క మంచి పాట చెయ్యమనండి, అప్పుడు తెలుస్తుంది వయొలిన్ కావాలో వద్దో.

నరసాపురం ఆల్టో:
దానికి వయొలినా? వద్దండి. మా అమ్మ ఆ రాత్రి గురించి చెప్పేటప్పుడు గొంతు కూడా పెంచదు.

పాలకొల్లు కీబోర్డు:
తుఫానుకి వద్దు, ఒప్పుకుంటాను. కానీ అది వచ్చింది దీపావళికి నాలుగు రోజుల ముందు. టపాకాయలు బేరమాడుతున్న అమలాపురం బజారుకి మాత్రం నాకు వయొలిన్లు, ట్రంపెట్, కోరస్ అన్నీ కావాలి. మీరు చెప్పిన మూడో ట్రాక్, నాలుగో ట్రాక్ సంగతే ఇది.

కోటిపల్లి రేవు:
బాగుంది. కానీ ఆ బజారు పాట ఒక్కటీ విడిగా పెడితే వింటారా? ‘ఇల్లినాయ్’ మూడో ట్రాక్ నేను విడిగా వినను. మీరు వింటారేమో చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటాను.

గన్నవరం లంక:
నేను వింటాను. రోజూ, బస్సులో.