ఇళ్లలో వృద్ధులను చూసుకునే సహాయకులకు శిక్షణ ఎలా ఇవ్వాలి?

ప్రశ్న (గుణదల నిర్వాహకురాలు)

అందరికీ నమస్కారం. ఇళ్లలో వృద్ధులను చూసుకునేందుకు సహాయకులను పంపే ఒక చిన్న సంస్థను విజయవాడలో నడుపుతున్నాను. మా వద్ద పద్నాలుగు మంది పనిచేస్తున్నారు. ఒక నర్సు చేత వారికి మూడు రోజులు తరగతులు చెప్పించి పనిలోకి పంపుతూ వచ్చాము. గత నెలలో, పక్షవాతంతో మంచాన పడిన ఒక పెద్దాయనకు నడుము కింద పుండు పడింది. ఆయన వద్ద ఉన్న అమ్మాయి, 2 గంటలకొకసారి పక్క మార్చాలన్న పాఠాన్ని తరగతిలో తడబడకుండా అప్పజెప్పిన మనిషే. ఏమైందని అడిగితే, "ఒక్కదాన్నే తిప్పలేకపోయాను మేడమ్, లాగితే నొప్పితో అరిచేవారు, చర్మం ఎర్రబడినప్పుడు ఎవరికి చెప్పాలో తెలియలేదు" అంది. తప్పు ఆమెది కాదని, సరిగా నేర్పకుండా పంపిన మాదేనని నాకు అర్థమైంది. శిక్షణలో ఏమి మార్చాలి? సర్టిఫికెట్ ఉన్నవారిని మాత్రమే తీసుకుంటే సరిపోతుందా?

సమాధానం 1 (విశ్రాంత వార్డు సిస్టర్)

అమ్మా, మీ అమ్మాయి చెప్పిన ఆ ఒక్క వాక్యంలోనే మీ శిక్షణలో లోపించినవన్నీ ఉన్నాయి. ఎప్పుడు తిప్పాలో ఆమెకు తెలుసు, ఎలా తిప్పాలో ఆమె చేతులకు తెలియదు. మనిషిని లాగకూడదు, దొర్లించాలి. రోగి ఆవలి మోకాలిని మడిచి, ఆవలి చేతిని ఛాతీ మీదుగా వేసి, భుజాన్నీ తుంటినీ ఒకేసారి పట్టుకొని మెల్లగా తమ వైపుకు తిప్పుకోవాలి. పక్షవాతం వచ్చిన చేతిని పట్టి లాగితే భుజం కీలు జారే ప్రమాదం ఉంది. ఆ పెద్దాయన అరవడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. మంచం పైభాగానికి జరపవలసి వచ్చినప్పుడు నడుము కింద మడత దుప్పటి వేసి ఇద్దరు చెరో వైపు ఎత్తి జరపాలి తప్ప, చంకల కింద చేతులు వేసి ఈడ్చకూడదు. చర్మం పరుపును రాసుకుంటూ జారడం వల్ల కూడా పుండ్లు పడతాయి.

పక్కకు తిప్పిన తరువాత వీపు వెనుక దిండు ఆనించి సుమారు 30 డిగ్రీల వాలులో ఉంచాలి, పిక్కల కింద మరో దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలాలి. నొక్కినా తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్లే. మన చామనచాయ ఒంటి మీద ఎరుపు తేలికగా కనబడదు కనుక, ఆ చోటు చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా ఉందేమో చేత్తో తడిమి చూడాలి. చాలా ఇళ్లలో అక్కడ పౌడరు చల్లి గట్టిగా రుద్దుతారు. ఆ రుద్దడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ.

తరగతిలో వారినే ఒకరి తరువాత ఒకరిని మంచం మీద పడుకోబెట్టి, ఒళ్లు కదపకుండా అరగంట ఉండమనండి. తరువాత ఒకరినొకరు తిప్పించండి. నేను శిక్షణ ఇచ్చిన వారిలో ఆ అరగంటను మరచిపోయినవారు లేరు.

సమాధానం 2 (హైదరాబాద్ నుంచి ఒక కుమార్తె)

మతిమరుపు వ్యాధితో ఉన్న మా అమ్మను నాలుగేళ్లపాటు ఇంట్లోనే చూసుకున్నాము. మొదట వచ్చిన సహాయకురాలు ఎంతో ప్రేమగల మనిషి అయినా, అమ్మను వెల్లకిలా పడుకోబెట్టే జావ పట్టేది. అది ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వచ్చింది. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగిన తరువాతే మరొకటి ఇవ్వాలని, తిన్న తరువాత కనీసం అరగంట పడుకోబెట్టకూడదని ఆమెకు ఎవరూ నేర్పలేదు.

రెండవ ఆమె ఒక ఉదయం నాకు ఫోను చేసి, "అమ్మగారు నిన్నటిలా లేరు, మాట తేడాగా ఉంది" అని చెప్పింది. పరీక్ష చేయిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నట్లు తేలింది. వృద్ధులలో అలాంటప్పుడు జ్వరం కంటే ముందు మనిషి అయోమయంలో పడిపోవడం కనబడవచ్చని డాక్టరు గారు చెప్పారు. ఆమె గమనించకపోయి ఉంటే మేము దాన్ని మతిమరుపు ముదరడమే అనుకునేవాళ్లం. అందుకే, తిండి, నీళ్లు, మూత్రం, విరేచనం, నిద్ర, చర్మం, మాటతీరు ఎలా ఉన్నాయో పూటపూటకూ ఒక నోటు పుస్తకంలో రాయడం నేర్పండి. ఆ పుస్తకాన్ని ఇంటివారు ప్రతి రాత్రీ చదవాలన్నది కూడా మీ ఒప్పందంలో ఉండాలి. అంట్లు, వంట, పిల్లల టిఫిన్లు ఆమె మీదే వేసి, 2 గంటలకొకసారి పక్క ఎందుకు మార్చలేదని నిలదీయడం న్యాయం కాదు.

సమాధానం 3 (నైపుణ్య శిక్షకుడు)

ఆరోగ్య రంగ నైపుణ్య మండలి రూపొందించిన హోమ్ హెల్త్ ఎయిడ్, జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సులు పూర్తిచేసినవారు దొరికితే తప్పక తీసుకోండి, కానీ సర్టిఫికెట్ ఉందని మొదటి వారం పర్యవేక్షణను మానవద్దు. కొత్తవారిని అనుభవమున్న సహాయకురాలి వెంట కనీసం రెండు మూడు ఇళ్లకు పంపి, ఆ రోజులకు కూడా జీతం ఇవ్వండి. జీతం లేని శిక్షణకు వచ్చినవారు మనసు పెట్టి నేర్చుకోవాలని ఆశించడం సరికాదు.

చేయకూడనివి కూడా స్పష్టంగా చెప్పాలి. ముక్కు ద్వారా ఆహారం పంపే గొట్టం ఊడిపోతే తిరిగి పెట్టడం, ఇన్సులిన్ మోతాదు మార్చడం వారి పని కాదు. చక్కెర వ్యాధి ఉన్నవారికి చెమటలు, వణుకు వచ్చి, గ్లూకోమీటరులో రక్తంలో చక్కెర రీడింగు 70 కంటే తక్కువగా ఉంటే, స్పృహలో ఉండి మింగగలిగితేనే సుమారు 15 గ్రాముల చక్కెర నీటిలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి.

మళ్లీ ప్రశ్న (గుణదల నిర్వాహకురాలు)

ముగ్గురికీ కృతజ్ఞతలు. వచ్చే సోమవారం నుంచి మంచం, దిండ్లు పెట్టి శిక్షణ మొదలుపెడుతున్నాము. ఆ అమ్మాయి కూడా వస్తానంది. అయితే మా వారిలో నలుగురికి రాయడం రాదు. పుస్తకం సంగతి ఏమి చేయాలి?

సమాధానం (విశ్రాంత వార్డు సిస్టర్)

రాయడం రానంత మాత్రాన గమనించడం రాదనుకోకండి. అన్నం గిన్నె, నీళ్ల గ్లాసు, మంచం బొమ్మలు వేసిన కాగితంలో గీతలు పెట్టించండి. తేడా ఏదైనా కనబడితే ఆ క్షణమే వాట్సాప్‌లో తన గొంతుతో చెప్పి పంపమనండి. అది విని వెంటనే తిరిగి పలికే మనిషి మీ కార్యాలయంలో రాత్రిపూట కూడా ఉండాలి.