జనతా వాచీ డయల్ అసలుదేనా? రోజుకు 10 నిమిషాలు ముందుకెందుకు పోతోంది?

విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్న హెచ్‌ఎంటీ జనతా ఇది. కీ ఇచ్చే రకం, 17 జ్యువెల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్ళు). వెనక మూత తీసి చూశాను: మెషీన్ మీద హెచ్‌ఎంటీ అచ్చు శుభ్రంగా ఉంది, స్క్రూల తలల మీది గాడులు చెదరలేదు. అనుమానమంతా డయల్ మీదే. పదిరెట్లు పెద్దగా చూపే లూప్‌లో (కంటికి పెట్టుకునే భూతద్దం) ‘జనతా’ అక్షరాల అంచులు ఉబ్బి, సిరా పాకినట్టున్నాయి. 3 దగ్గర నిమిషం గీత ఒకటి వంకర. మధ్య రంధ్రం అంచున కింది రంగు సన్నగా తొంగిచూస్తోంది. రీపెయింటే అనిపిస్తోంది. డయల్ వెనక్కి కూడా రంగు పాకిందేమో చూడాలంటే ముళ్ళు పీకాలి. గీతలు పడకుండా కింద పాలిథిన్ ముక్క వేస్తే చాలా?

ఇక టైము. దిక్సూచి ముల్లు ఊగలేదు, కాబట్టి అయస్కాంతం పట్టలేదు. హెయిర్‌స్ప్రింగ్ (బ్యాలెన్స్ చక్రాన్ని అటూ ఇటూ ఊపే సన్నటి చుట్టల స్ప్రింగ్) బయటి రెండు చుట్లు మాత్రం అంటుకున్నట్టున్నాయి. చుట్లు అంటుకుంటే స్ప్రింగ్ పొట్టిదైనట్టే, బ్యాలెన్స్ వేగంగా ఊగుతుంది. నూనె చేరిందా, వంగిందా ఎలా తేల్చాలి? స్పిరిట్‌లో ముంచను, రోలర్ (బ్యాలెన్స్ ఇరుసుకుండే చిన్న బిళ్ళ) మీది రాయిని పట్టి ఉంచే లక్క కరుగుతుంది. లైటర్ పెట్రోల్‌లో బ్యాలెన్స్ ఒక్కటే ముంచి ఆరబెడితే సరిపోతుందా? వంగిందే అయితే, దాన్ని ట్వీజర్‌తో సరిచేయగల పనివాళ్ళు విజయవాడ, గుంటూరుల్లో ఎక్కడున్నారో దయచేసి చెప్పండి.