జర్మనీలో బ్యాంకు అకౌంట్ ఓపెన్ అయింది కానీ కార్డు రాలేదు, పిన్ రాలేదు. ఏం చేయాలి?

మాగ్డెబర్గ్ కొత్తోడు:
అన్నలూ, అక్కలూ, మాస్టర్స్‌కి వచ్చి నెల కావస్తోంది. బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగే అకౌంట్) ఏడాదికి సరిపడా 11,904 యూరోలు ఉన్నాయి కానీ అందులోంచి నెలకు 992 వదలాలంటే నా పేరు మీద ఇక్కడ కరెంట్ అకౌంట్ ఉండాలట. మొదట ఒక ఆన్‌లైన్ బ్యాంకుకి అప్లై చేశా, వీడియో కాల్‌లో ఇండియన్ పాస్‌పోర్ట్ చూపించగానే కుదరదని కట్ చేశారు. తర్వాత ఇంకో బ్యాంకు బ్రాంచికి నేరుగా వెళ్లి పాస్‌పోర్ట్, అడ్మిషన్ కాగితం, సిటీ ఆఫీసు ఇచ్చిన అన్‌మెల్డుంగ్ (అడ్రస్ రిజిస్ట్రేషన్) కాగితం ఇస్తే అకౌంట్ ఓపెన్ చేశారు, కార్డూ పిన్నూ పోస్టులో వస్తాయన్నారు. పదిహేను రోజులైంది. అడిగితే పంపించేశాం అంటున్నారు. చేతిలో 140 యూరోలే మిగిలాయి, ఒకటో తారీఖున రెంట్ కట్టాలి, ఇంట్లో చెబితే టెన్షన్ పడతారని చెప్పలేదు.

ఓరుగల్లు టు లైప్జిగ్:
తమ్ముడూ, ముందు ఒక్కటి చెప్పు. కింద పోస్టు డబ్బా మీద నీ పేరుందా? ఇక్కడ అడ్రస్‌లో మనలా ఫ్లాట్ నంబర్ రాసే అలవాటు తక్కువ, పోస్ట్‌మ్యాన్ డబ్బాల మీద పేర్లు చూసి వేసుకుంటూ పోతాడు. నీ పేరు కనపడకపోతే ఉత్తరం వెనక్కి వెళ్లిపోతుంది, నీకు కబురు కూడా ఉండదు. నాకు రెండుసార్లు అలాగే తిరిగి వెళ్లింది, పైగా మా ఇంటిపేరు ఎంత పొడుగంటే స్టిక్కర్ మీద పట్టక చివరి అక్షరాలు డబ్బా పక్కకి తిప్పి అంటించా. ఇంకో సంగతి, కార్డు ఒక కవరులో, పిన్ వేరే కవరులో, వేర్వేరు రోజుల్లో వస్తాయి, కావాలనే అలా పంపుతారు. ఒకటి వచ్చి రెండోది రాలేదని కంగారు పడకు.

మాగ్డెబర్గ్ కొత్తోడు:
అయ్యో అన్నా, ఇప్పుడే కిందకి వెళ్లి చూశా. పాత టెనెంట్ పేరే ఉంది. నేను డబ్బా తెరవడమే కానీ దాని మీద పేరేముందో ఒక్కరోజూ చూడలేదు.

గోదారి అక్క:
పేరు అంటించడం సరే, ఈలోపు రెంట్ సంగతి చూసుకో. కార్డు రాకపోయినా నీ అకౌంట్ పని చేస్తోంది కదా. వాళ్లిచ్చిన కాగితాల్లో డీఈతో మొదలై అక్షరాలూ అంకెలూ కలిపి 22 ఉండే ఐబ్యాన్, అంటే నీ అకౌంట్ నంబర్, ఉంటుంది, బ్లాక్డ్ అకౌంట్ వాళ్లకి కావలసింది అదే, కార్డు కాదు. ఈరోజే అప్‌లోడ్ చేసెయ్. డబ్బు పడ్డాక పాస్‌పోర్ట్ పట్టుకుని నీ బ్రాంచి కౌంటర్‌కి వెళ్లి క్యాష్ ఇస్తారేమో, రెంట్ ట్రాన్స్‌ఫర్‌కి కాగితం ఫారం తీసుకుంటారేమో అడుగు. ఓనర్‌కి కూడా ఇప్పుడే ఒక ముక్క మెయిల్ పెట్టు, రెండు మూడు రోజులు ఆలస్యమవుతుందని ముందే చెబితే ఇక్కడివాళ్లు చాలామంది అర్థం చేసుకుంటారు, చెప్పకుండా ఆలస్యం చేస్తేనే కోపం.

ఇంకోటి, ఇది మనవాళ్లందరూ దెబ్బతినే చోటు. ఇండియాలో ప్రతిదానికీ ఓటీపీ వస్తుంది కాబట్టి మనల్ని అడక్కుండా డబ్బు పోదనుకుంటాం. ఇక్కడ ఐబ్యాన్ ఇచ్చి ఒక సంతకం పెడితే చాలు, ఇన్సూరెన్స్ వాడు, ఫోన్ వాడు, జిమ్ వాడు ప్రతి నెలా నేరుగా అకౌంట్‌లోంచి లాగేసుకుంటారు. దీన్ని లాస్ట్‌ష్రిఫ్ట్ అంటారు. నేను వచ్చిన కొత్తలో జిమ్‌కి వెళ్లడం మానేస్తే ఆగిపోతుందనుకున్నా, మానేయడం వేరు, కాంట్రాక్ట్ క్యాన్సిల్ చేయడం వేరు అని ఏడాది కట్టాక తెలిసింది. నీ సంతకంతో పోయిన డబ్బైనా ఎనిమిది వారాల్లోపు బ్యాంకు ద్వారా వెనక్కి తెప్పించుకోవచ్చు, కానీ అది నిజంగా బాకీ అయితే వాళ్లు ఫైన్ కలిపి నోటీసు పంపుతారు, కాబట్టి కోపమొచ్చినప్పుడల్లా ఆ బటన్ నొక్కకు. అకౌంట్‌లో బ్యాలెన్స్ లేనప్పుడు లాగితే ఆ ఖర్చూ నీ నెత్తినే.

పార్ట్‌టైమ్ ఉద్యోగం దొరికాక జీతం వేసేవాళ్లకి నీ పేరు అకౌంట్‌లో ఎలా ఉందో అచ్చం అలాగే ఇవ్వు. 2025 అక్టోబర్ నుంచి ట్రాన్స్‌ఫర్‌కి ముందు పేరూ ఐబ్యానూ కలుస్తున్నాయో లేదో బ్యాంకులు చూస్తున్నాయి, మనకేమో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక.

బవేరియా బాబాయ్:
అందరూ చెప్పారు కాబట్టి మిగిలినవి. నెలకు 18.36 యూరోల రేడియో, టీవీ చందా కట్టమని ఉత్తరం వస్తుంది, మాకు టీవీ లేదని చెత్తబుట్టలో వేయొద్దు, అది ఇంటికి ఇంత అని లెక్క, షేరింగ్ ఫ్లాట్ అయితే ఒక్కరు కడితే చాలు. పట్టించుకోకపోతే నువ్వు ఇంట్లో దిగిన నెల నుంచి లెక్కగట్టి అడుగుతారు. ఇండియాలో నీ సేవింగ్స్ అకౌంట్‌ని ఎన్నార్వోగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల అకౌంట్‌గా, మార్చాలి, చదువుకోసం వచ్చినా రూల్ అదే, ఎవరూ చేయరు కానీ చేయాలి. ఇండియా సిమ్ బతికించి ఉంచు, అక్కడి ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

నీకు ఒకచోట కుదరలేదని ఆన్‌లైన్ బ్యాంకులే వద్దని మాత్రం నేను చెప్పను. వీడియో కాల్ కుదరకపోతే పోస్టాఫీసులో పాస్‌పోర్ట్ చూపించి పని కానిచ్చుకునే దారి కొన్నిటికి ఉంది. ఎవరూ అకౌంట్ ఇవ్వనంటే బాసిస్‌కోంటో (మామూలు అవసరాలకు సరిపోయే బేసిక్ అకౌంట్) ఫారం అడగండి, 2016 నుంచి ఇక్కడ చట్టప్రకారం ఉంటున్న ఎవరికైనా అది హక్కు, ఫారం పూర్తిగా నింపి ఇచ్చాక పది పనిదినాల్లో బ్యాంకు తేల్చాలి.

మాగ్డెబర్గ్ కొత్తోడు:
అప్‌డేట్. స్టిక్కర్ అంటించా, బ్యాంకులో చెబితే మొదటి పిన్ వెనక్కి వచ్చి వాళ్ల దగ్గరే ఉందట, కొత్తది పంపారు, నిన్న వచ్చింది. 992 కూడా పడింది, రెంట్ రెండు రోజులు లేటుగా కట్టేశా. ఒక డౌట్, పాత టెనెంట్‌కి ఇంకా ఉత్తరాలు వస్తున్నాయి, ఒకటి బ్యాంకుదే. ఏం చేయాలి?

గోదారి అక్క:
తెరవకు, ఇక్కడ అది నేరం. ఇల్లు మారిపోయారని జర్మన్‌లో పైన రాసి వీధి చివర పసుప్పచ్చ పోస్టు డబ్బాలో వేసెయ్.