అప్‌డేట్: ఆ భారీ కాంట్రాక్ట్ వదిలింది, పిక్ కూడా వచ్చింది

మా ఫ్రెండ్స్ ఆడుకునే ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) మేనేజర్ గేమ్ లీగ్‌లో, మూడేళ్లు మిగిలిన దండగ కాంట్రాక్ట్ వదిలించుకుని పైగా డ్రాఫ్ట్ పిక్ (కొత్త ఆటగాణ్ని ఎంచుకునే హక్కు) ఎలా రాబట్టాలని అడిగాను కదా. తేలింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ట్రేడ్‌లు రిజెక్ట్ అవుతుంటే బగ్ అనుకున్నా. తప్పు నాదే! మా జట్టు జీతాలు సెకండ్ ఏప్రన్, అంటే జీతాల మొత్తానికి పెట్టిన పై గీత, దాటాయి. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన 2023 ఒప్పందం ప్రకారం అలాంటి జట్టు ఇద్దరి జీతాలు కలిపి ట్రేడ్ చేయకూడదు. ఒక బెంచ్ ఆటగాణ్ని వదులుకుని గీత కిందికి దిగా.

అసలు పనిచేసింది ఓక్లహోమా సిటీ జట్టు థండర్ ఉదాహరణ. 2020లో ఆల్ హోర్‌ఫర్డ్ కాంట్రాక్ట్ మోసినందుకు ఫిలడెల్ఫియా నుంచి ఫస్ట్ రౌండ్ పిక్ తీసుకున్నారు. 2021లో అతన్నే బోస్టన్‌కిచ్చి, కెంబా వాకర్ కాంట్రాక్ట్ నెత్తినేసుకున్నందుకు 16వ పిక్ పట్టారు. పిక్ వచ్చేది బరువు మోసేవాడికి, దించుకునేవాడికి కాదు. ఇన్నాళ్లూ నేను తిరగేసి అడుగుతున్నా.

అందుకే ఒక సెకండ్ రౌండ్ పిక్ ఎదురిచ్చి, నా కాంట్రాక్ట్‌ని ఆ సీజన్‌తోనే ముగిసేదానికి మార్చుకున్నా. రెండు సీజన్లకి క్యాప్ (జీతాల పరిమితి)లో ఖాళీ వచ్చాక ఇంకొకడి భారం ఎత్తుకుంటే ఫస్ట్ రౌండ్ పిక్ వచ్చింది. 

ఆ దండగ కాంట్రాక్ట్ ఆటగాడికి మ్యాచ్‌లో ఎక్కువ నిమిషాలిచ్చి పాయింట్లు పెంచితే గిరాకీ వస్తుందన్న సలహా మాత్రం దండగే, కాంట్రాక్ట్ చూసి ఎవరూ ముట్టలేదు.