‘లేబుల్ స్విచింగ్’ ఏ సమాసం?

ప్రశ్న (చిత్తూరు నుంచి): డిప్లొమా విద్యార్థుల కోసం నెట్‌వర్కింగ్ పాఠాలను తెలుగులో రాస్తున్నాను. ‘లేబుల్ స్విచింగ్’ అనే మాటను ‘లేబుల్ మార్పిడి’ అని రాశాను. పెద్దలు పరిశీలించి చెప్పగలరు.

జవాబు (తిరుపతి నుంచి): అయ్యా, ‘లేబుల్ మార్పిడి’ని చదువరి సహజంగానే షష్ఠీ తత్పురుషంగా, అంటే ‘లేబుల్ యొక్క మార్పిడి’గా విడదీసుకుంటాడు. ఇక్కడి భావం అది కాదు. మళ్లేది ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో ప్రయాణించే సమాచారపు ముక్క), లేబుల్ దానిని మళ్లించే సాధనం. కనుక విగ్రహవాక్యం ‘లేబుల్ చేత మళ్లింపు’, సమాసం తృతీయా తత్పురుషం.

దారిలో లేబుల్ కూడా నిజంగానే మారుతుంది కాబట్టి ఈ రెండు అర్థాలూ సులభంగా కలగలిసిపోతాయి. మామూలు పద్ధతిలో, ప్యాకెట్లను దారి చూసి ముందుకు పంపే ప్రతి రూటరూ ప్యాకెట్ చేరవలసిన ఐపీ చిరునామాను (గమ్య యంత్రపు సంఖ్యా చిరునామాను) చూసి, తన పట్టికలో దానితో మొదటి నుంచి అత్యధిక బిట్లు సరిపోలే పద్దును వెతుకుతుంది. 2001 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 3031 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం నిర్దేశించిన ఎంపీఎల్ఎస్ (మల్టీప్రోటోకాల్ లేబుల్ స్విచింగ్) పద్ధతిలో ఈ పరిశీలన నెట్‌వర్క్ ప్రవేశం దగ్గర ఒక్కసారి జరుగుతుంది. అక్కడి రూటరు ప్యాకెట్ ఏ తరగతికి చెందుతుందో నిర్ణయించి, దానికి 20 బిట్ల సంఖ్య గల లేబుల్‌ను చేరుస్తుంది. లోపలి రూటర్లు ఐపీ చిరునామా జోలికి పోకుండా, వచ్చిన లేబుల్‌కు ఎదురుగా తమ పట్టికలో ఉన్న కొత్త లేబుల్‌ను వేసి, అక్కడే సూచించిన లంకె మీదుగా ప్యాకెట్‌ను పంపుతాయి.

లేబుల్ ఎందుకు మారాలో పాఠంలో తప్పక వివరించండి. ఆ సంఖ్యకు అర్థం సాధారణంగా పక్కపక్కనున్న రెండు రూటర్ల మధ్యనే ఉంటుంది. ఫలానా గమ్యానికి వెళ్లే ప్యాకెట్లపై 25 వేసి తనకు పంపమని అవతలి రూటరు ఇవతలి దానికి ముందే తెలియజేస్తుంది. అదే గమ్యానికి ఆ తరువాతి రూటరు 40 కోరవచ్చు. అలిపిరి దగ్గర సామాను అప్పగించి కాలినడకన కొండెక్కిన భక్తుడు పైన అదే రశీదు చూపి తన సంచి తీసుకుంటాడు. లేబుల్‌ను అటువంటి రశీదుగా ఊహించుకున్న విద్యార్థికి ఈ పద్ధతి ఎన్నటికీ అర్థం కాదు.

మరొక చిక్కు కూడా ఉన్నది. లేబుల్‌పై జరిగే పనులు మూడు: పుష్, స్వాప్, పాప్. వీటిని చేర్పు, మార్పు, తీసివేత అనవచ్చు. మొత్తం పద్ధతికే ‘మార్పిడి’ అని పేరు పెడితే, మూడింటిలో ఒకటైన స్వాప్‌కు వేరే మాట మిగలదు. ‘లేబుల్ ఆధారిత మళ్లింపు’ అని రాయడమే నాకు ఉచితంగా తోస్తున్నది.

ప్రశ్న: అంగీకరిస్తున్నానండీ. ‘లేబుల్’కు బదులు ‘చీటీ’ అనవచ్చునా? ‘లేబుల్ స్టాక్’ను ఏమనాలి?

జవాబు: ‘చీటీ’ అనగానే మన ప్రాంతంలో చీటీల పాట తలపుకు వస్తుంది, ‘లేబుల్’ అందరికీ తెలిసిన మాటే కనుక దానినే ఉంచండి. స్టాక్‌కు మాత్రం ‘దొంతర’ చక్కగా అమరుతుంది, ఎందుకంటే ఒకే ప్యాకెట్‌పై లేబుళ్లు ఒకదానిపై ఒకటి ఉండవచ్చు, లోపలి రూటరు అన్నిటికన్నా పైదాని ప్రకారమే ప్యాకెట్‌ను మళ్లిస్తుంది. వీపీఎన్ (ఉమ్మడి నెట్‌వర్క్ మీదుగా ఒక్కో ఖాతాదారునికి విడిగా నడిపే ప్రైవేటు నెట్‌వర్క్) సేవలో పై లేబుల్ ప్యాకెట్‌ను అవతలి అంచు రూటరు వైపు నడిపిస్తే, కింది లేబుల్ అది ఏ ఖాతాదారుని నెట్‌వర్క్‌కు చెందుతుందో తెలుపుతుంది. దొంతరలో అట్టడుగు లేబుల్‌ను గుర్తించడానికి ప్రతి లేబుల్ పద్దులోనూ ఒక బిట్ ప్రత్యేకంగా ఉంటుంది. దానిని ‘అడుగు బిట్’ అనవచ్చు.